పాస్టరు గారికి చోటు

పద్నాలుగో నంబరు ఇల్లుబండిలో ఉన్న ముసలావిడ మొగుణ్ణి ఓవెన్‌లో పెట్టుకుని ఊళ్ళు తిరుగుతోందని పన్నెండో నంబరు బండి ఆవిడ బట్టలుతికే గదిలో అన్నదట. ఊరికే అనలేదు, వాళ్ళ తలుపు తెరిచి ఉన్నప్పుడు కళ్ళారా చూశానని కూడా చెప్పిందట. ఆ మాట అక్కడే దుప్పట్లు మడతపెట్టుకుంటున్న ఇంకొకావిడ చెవిన పడి, సాయంత్రానికి బండ్ల విడిది మేనేజరు దాకా నడిచింది. మేనేజరు, నీళ్ళ గొట్టం బిగిస్తున్న డోర్సీ దగ్గరికొచ్చి, టోపీ వెనక్కి తోసి, గ్యాసు గురించీ నిప్పు గురించీ చుట్టూ తిప్పి, చివరికి అసలు సంగతి అడిగాడట. డోర్సీ లోపలికొచ్చి ఇదంతా వదిన వైనెల్‌కి చెప్పి పొట్ట పట్టుకుని నవ్వాడు.

వైనెల్ నవ్వలేదు. అబద్ధమైతే కదా నవ్వడానికి.

లూమిస్ స్ట్రిక్లండ్ పాస్టరు గారు నిజంగానే ఓవెన్‌లో ఉన్నాడు. బూడిదై, కేకులు దాచుకునే గుండ్రటి రేకు డబ్బాలో, చుట్టూ రెండు తువ్వాళ్ళతో. మొదట అలమరలో పెట్టింది. మలుపు వచ్చినప్పుడల్లా డబ్బా గడగడలాడుతుంటే, ఆయనే లోపలినుంచి ఏదో చెప్పబోతున్నట్టుండేది. మంచం కిందకి తోద్దామంటే మనసొప్పలేదు. ఆ ఓవెన్ వెలిగించే పని ఎలాగూ లేదు. అందులో అయితే గట్టిగా, కదలకుండా కూర్చున్నాడు.

ఆ ఇల్లుబండి మరిది డోర్సీది. ముప్పయ్యేళ్ళు లారీ తోలి, పెళ్ళాం పోయాక ఇల్లమ్మేసి ఈ బండి కొనుక్కున్నాడు. అన్నని, వదినని ఎక్కించుకుని, అన్న పనిచేసిన పాత మెథడిస్టు చర్చిలన్నీ తిప్పాలని అనుకున్నాడు. దక్షిణ జార్జియా పైన్ అడవుల్లో చెదురుమదురుగా ఉన్న పదకొండు చర్చిలు. కొన్ని అంతర్యుద్ధానికి ముందు చేత్తో చెక్కిన దూలాలతో కట్టినవి. లూమిస్ రోడ్డు పటాల పుస్తకం వెనక అట్ట మీద పెన్సిలుతో వరసగా పేర్లు రాసిపెట్టుకున్నాడు. మార్చిలో బయల్దేరాలి. ఫిబ్రవరిలో పోయాడు.

ఆ పదకొండింటిలో ఎక్కడో ఒకచోట ఆయనకి ఇంత చోటు చూడాలి. వైనెల్ బయల్దేరింది అందుకే. అయితే ఆ జాబితాలో చివరి పేరు కెటిల్ బ్రాంచ్. దాని పక్కన ఒక వాక్యం రాసి ఉంది. అంత్యక్రియలైన వారానికే ఆమె అది చదివింది. చదివి, అట్ట మూసి, ఎవరికీ చెప్పలేదు. మిగతా పదిలో ఏ ఒక్కటైనా ఆయన్ని తీసుకుంటే ఆ వాక్యం జోలికి పోనక్కర్లేదని ఆమె ఆశ.

తీసుకుంటారనే అనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు. యాభై ఏళ్ళు వాళ్ళ పిల్లలకి బాప్తిస్మాలిచ్చాడు, వాళ్ళ పెళ్ళిళ్ళు చేశాడు, వాళ్ళ ముసలివాళ్ళని మట్టి చేశాడు. పాస్టరు గారికి గజం నేల ఇవ్వరా?

మొదటి చర్చి మూసేశారు. ఎవరో కొనుక్కుని పెళ్ళిళ్ళకి అద్దెకిస్తున్నారు. ప్రభువు బల్ల ఉండే చోట, ద్రాక్షరసం తప్ప ఇంకో చుక్క ఎరగని చోట, సారా సీసాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. సమాధులు ఫోటోల్లో పడకుండా అడ్డంగా చెట్లు నాటారు. రెండో సంఘం మొన్ననే వోటేసుకుని మెథడిస్టుల్లోంచి విడిపోయింది. బోర్డు మీద ఆ ఒక్క మాటకీ తెల్లరంగు కొట్టారు, తలుపుకి కొత్త తాళం వేశారు, తాళం ఉన్నాయన ఫోను ఎత్తలేదు. మూడోచోట పాస్టరమ్మాయి చిన్నది, మర్యాదస్తురాలు. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, కమిటీవాళ్ళని పిలిపించింది. కమిటీ పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుని, సమాధుల తోటలో సంఘ సభ్యులకీ వాళ్ళ కుటుంబాలకీ తప్ప చోటు లేదనే నియమం తన తాతల నాటిదని చెప్పాడు. లూమిస్ గారు గొప్పవాడే, తన పెళ్ళి కూడా ఆయనే చేశాడు, కానీ ఆయన ఇక్కడ సభ్యుడు కాడు గదా అన్నాడు.

నిజమే. మెథడిస్టు పాస్టరు పేరు ఏ సంఘం పుస్తకంలోనూ ఉండదు. ఆయన కాన్ఫరెన్సు మనిషి, అంటే చర్చిలన్నిటి మీదా ఉండే సభకి చెందినవాడు. బిషప్పు ఎటు పొమ్మంటే అటు. జూన్ నెల వచ్చిందంటే సామాన్లు పెట్టెల్లోకి. సభ్యత్వం పాస్టరు భార్యకి ఉంటుంది. ఒక ఊరినుంచి ఇంకో ఊరికి పత్రం మార్పించుకుంటూ పోతుంది. వైనెల్ పదకొండిళ్ళలో కాపురం చేసింది. ఒక్కటీ తనది కాదు. సోఫా మీద మరక పడితే కమిటీకి జవాబు చెప్పాలి, తెరల రంగు కమిటీ చెప్పాలి. ఆఖరి పత్రం పట్నంలో పెద్ద చర్చిలో ఉంది. దానికి కార్లు పెట్టుకునే స్థలం ఉంది గానీ సమాధుల తోట లేదు.

అలా పది చర్చిలూ అయిపోయాయి. కొన్నిచోట్ల కన్నీళ్ళు పెట్టుకున్నారు, కొన్నిచోట్ల కోడికూర, చిక్కుళ్ళు, పళ్ళ పాయసం కట్టి బండిలో పెట్టారు. చోటు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

డోర్సీ దారి పొడుగునా ఆమెని మాటల్లో పెట్టడానికి చూసేవాడు. పెళ్ళాం కోసం బాప్టిస్టుల్లో కలిసినవాడు కాబట్టి అతనికి మెథడిస్టుల మీద వేళాకోళం నలభై ఏళ్ళుగా తరగలేదు. సముద్రం ఒడ్డు దీవిలో, మెథడిస్టుల మూలపురుషుడు వెస్లీ గారు ప్రసంగించాడని చెప్పుకునే ఓక్ చెట్ల కింద నిలబడి, మీ పెద్దాయనే రెండేళ్ళు నిలవలేక ఈ జార్జియానుంచి ఓడెక్కి పారిపోయాడు, మా అన్న యాభై ఏళ్ళు నిలిచాడు, ఎవరు గొప్ప అని అడిగాడు. ఇంకోరోజు బండి తోలుతూ మళ్ళీ మొదలెట్టాడు.

"నెత్తిన మూడు చుక్కలు చల్లితే జుట్టు తడుస్తుంది గానీ పాపం తడుస్తుందా వదినా?"

"నిన్ను నిలువునా చెరువులో ముంచారుగా. మరి ఆ నోరు కడుక్కుపోలేదేం?"

అతను స్టీరింగు మీద కొట్టి నవ్వాడు. వదిన మాట తిరగేసిందంటే ఆ పూట అన్నం తింటుందని అతని లెక్క.

పదోది కూడా కాదన్నాక ఆమె ఓవెన్ తలుపు వైపు చూసి, కెటిల్ బ్రాంచ్ పోదాం పద అంది. ఎందుకంత నీరసంగా అంటున్నావని అతను అడగలేదు. కెటిల్ బ్రాంచ్ సంగతి అతనికీ కొంత తెలుసు. అప్పట్లో సైన్యంలో జర్మనీలో ఉన్నా, అమ్మ ఉత్తరం రాసింది.

పంతొమ్మిది వందల అరవై అయిదో సంవత్సరం ఈస్టరు. లూమిస్‌కి అదే మొదటి సంఘం. వయసు ఇరవై ఆరు. వైనెల్‌కి ఇరవై రెండు, పియానో ఆమే వాయించేది. ఆ చర్చికి ముందు రెండు తలుపులు, ఒకటి మగవాళ్ళకి, ఒకటి ఆడవాళ్ళకి. బయట గోడకి ఒక మెట్ల వరస, ఆ మెట్లు పైనున్న వసారాకి. బానిసలు అక్కడ కూర్చుని ఆరాధన చేసేవాళ్ళు. స్వేచ్ఛ వచ్చాక వాళ్ళు దిగి, మైలు దూరంలో తమ చర్చి తాము కట్టుకున్నారు. మెట్లు మిగిలాయి. ఆ ఈస్టరుకి ఆ చర్చినుంచి ఒక టీచరమ్మ, ఏడుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లల చేతులకి తెల్ల గ్లౌజులు. నల్లవాళ్ళని లోపలికి రానివ్వకూడదని పెద్దల సభ ముందే తీర్మానం చేసుకుంది. రెండు తలుపుల దగ్గరా ఇద్దరిద్దరు కుర్రాళ్ళు చేతులు కట్టుకుని అడ్డంగా నిలబడ్డారు.

కూర్చున్నవాళ్ళెవరూ వెనక్కి తిరగలేదు. అందరూ ముందుకే, పాస్టరు మొహంలోకే చూశారు. తలుపులు ఆయనకే ఎదురుగా ఉన్నాయి. మొత్తం చూసినవాడు ఆయన ఒక్కడే. చూసి, తల దించుకుని, పాటల పుస్తకంలో నూట యాభై నాలుగో కీర్తన అన్నాడు. వైనెల్ వేళ్ళు పియానో మెట్ల మీద పడ్డాయి. నాలుగు చరణాలూ తప్పు పోకుండా వాయించింది. నాలుగోది ముగిసేసరికి తలుపుల్లో ఎండ తప్ప ఇంకేం లేదు.

జూన్‌లో వాళ్ళని పట్నంలో ఇటుకల చర్చికి మార్చారు. జిల్లా సూపరింటెండెంటు చేయి కలిపి, గొడవ లేకుండా నెట్టుకొచ్చావు తమ్ముడూ అన్నాడు.

కెటిల్ బ్రాంచ్ చర్చి తాళం హోయ్ట్ డాషర్ దగ్గరుంది. ఎనభై నాలుగేళ్ళవాడు, అరుగు మీద ఊగుడు కుర్చీలో కూర్చుని ఉప్పు నీళ్ళలో ఉడికించిన వేరుశనక్కాయలు వలుచుకుంటున్నాడు. ఆ ఈస్టరు రోజు ఎడమ తలుపు దగ్గర నిలబడ్డ ఇద్దరిలో ఒకడు. వైనెల్‌ని గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. చల్లటి టీ తెప్పించాడు. సంగతి విన్నాక లోపలికెళ్ళి గుడ్డ అట్ట ఉన్న పాత పుస్తకం తెచ్చి ఒళ్ళో పెట్టుకుని, వేలు తడి చేసుకుంటూ పేజీలు తిప్పాడు.

"ఇదిగో పాస్టరమ్మా. మా అమ్మ రాత. వైనెల్ స్ట్రిక్లండ్, చేరినది అరవై మూడు జూన్. వెళ్ళినది, ఖాళీ. నీ పత్రం అడుగుతూ ఎవరూ ఉత్తరం రాయలేదు. అమ్మ నీ పేరు కొట్టెయ్యలేదు."

పట్నం చర్చివాళ్ళు పత్రం లేకుండా నోటిమాట మీదే తనని చేర్చుకోవడం ఆమెకి గుర్తొచ్చింది. పత్రం కావాలంటే హోయ్ట్ తల్లికి ఉత్తరం రాయాలి. ఇవాళ రాద్దాం, రేపు రాద్దాం అనుకుంది. మర్చిపోయాననే ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చింది.

"అరవయ్యేళ్ళ సభ్యురాలివి," అన్నాడు హోయ్ట్, సంతోషంగానే. "నీకు చోటుంది. నీతోపాటు నీ మొగుడికీ ఉంది. మా అమ్మ పక్కనే, కంచెకి ఇటువైపు, నీడలో. శనివారానికి మనవడి చేత గొయ్యి తవ్విస్తా. డబ్బాయే గదా, ఎంతసేపు."

డోర్సీ ఊపిరి వదిలాడు. అరుగు దిగుతూనే, ఇక ఇంటికెళ్దాం వదినా, అన్నయ్యకి నీడ దొరికింది, ఇన్ని ఊళ్ళు తిరిగినందుకు ఫలితం దక్కింది అన్నాడు. వైనెల్ బండిలోకెక్కి, పటాల పుస్తకం తీసి, వెనక అట్ట అతని చేతిలో పెట్టింది. డోర్సీ కళ్ళు చిట్లించి చదివాడు. కెటిల్ బ్రాంచ్ పక్కన అన్న రాత, కాస్త వణికిన రాత: కంచె అవతల. వాళ్ళు ఒప్పుకుంటేనే.

కంచె ఇనపది, నడుమెత్తు. ఇటువైపు చలవరాళ్ళ సమాధులు, పేర్లూ తేదీలూ. అటువైపు పైన్ ఆకు రాలిన నేల మీద, సమాధులకి గుర్తుగా, వరసలుగా పొలం రాళ్ళు. పేరుండదు, తేదీ ఉండదు. పై వసారాలో కూర్చున్న బానిసలంతా చివరికి అక్కడే.

డోర్సీ అట్ట మూశాడు. తరవాత, ఆ రాత సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు అన్నాడు. హోయ్ట్ ఇస్తానన్నది నీడ, ఇది చిక్కు అన్నాడు. అతను చెడ్డవాడు కాదు, అన్నని మట్టిలో పెట్టి తృప్తిగా నిద్రపోవాలనుకున్నాడంతే. ఆమె హోయ్ట్‌ని కూడా అడిగింది. అతను వేరుశనక్కాయ తొక్క ఊదేసి, ఆ నేల దస్తావేజు కూడా సంఘానిదే, అటే కావాలంటే అటే పెట్టుకో, ఎవరిని అడగాలి అన్నాడు. పాస్టరు గారు పోయి పోయి ఆ రాళ్ళ మధ్య పడుకోవడమేంటని మాత్రం అతనికి అర్థం కాలేదు.

ఎవరిని అడగాలో వైనెల్‌కి తెలుసు. నెలలో మొదటి శనివారం మైలు అవతలి చర్చివాళ్ళు వచ్చి ఆ రాళ్ళ చుట్టూ శుభ్రం చేస్తారని హోయ్టే చెప్పాడు. రెండు రోజులు బండి చర్చి ఆవరణలోనే ఆపుకుని ఎదురుచూశారు. ఆమె తల రుద్దుకుని, ఉన్న ఒక్క మంచి గౌను ఇస్త్రీ చేసుకుంది. ఏం చెప్పాలో అద్దం ముందు రెండుసార్లు చెప్పుకుని చూసింది. మొదటిసారి మరీ పొడుగైంది, రెండోసారి మరీ తీయగా ఉంది. డోర్సీ విననట్టు నటించాడు.

శనివారం పొద్దున్న తొమ్మిదింటికి మూడు కార్లు వచ్చాయి. ఏడెనిమిదిమంది, అందరూ పెద్దవాళ్ళే, ఆకు ఊడ్చే దంతెలు పట్టుకుని దిగారు. ఒకాయన గడ్డి కోసే యంత్రం భుజానికి తగిలించుకున్నాడు. నడుము కాస్త వంగిన పొడుగాటావిడ మడతకుర్చీ వేసుకుని కూర్చుని, పసుపు దారం ఉండ విప్పుతూ, వరసలు ఎక్కడ తప్పాయో చెబుతోంది. పేరు వాష్టీ మిన్సీ అని, బడిలో పెద్ద పంతులమ్మగా చేసి మానిందని, ఈ రాళ్ళ బాధ్యత ఆమెదేనని హోయ్ట్ చెప్పి ఉన్నాడు.

వైనెల్ కంచె చుట్టూ తిరిగి వెళ్ళింది. ఒక చేతిలో పటాల పుస్తకం, ఇంకో చేతిలో రేకు డబ్బా. డబ్బా తేవొద్దని డోర్సీ అన్నాడు. ఆయన ముందరే అడగాలి, చాటున అడిగేది కాదు అని ఆమె తెచ్చింది. డోర్సీ టోపీ తీసి చేత్తో పట్టుకుని వెనకే నిలబడ్డాడు.

ఆమె పేరు చెప్పబోయింది.

"తెలుసు," అంది వాష్టీ. "పియానో అమ్మగారు. పదకొండేళ్ళు నాకప్పుడు. టీచరు మా మేనత్త. గ్లౌజులు అందరికీ ఆవిడే కుట్టింది, నావి కొంచెం బిగుతు. నూట యాభై నాలుగు. నాలుగు చరణాలు. మేం రోడ్డెక్కేదాకా వినబడింది. బాగా వాయించారు."

గడ్డి కోసే యంత్రం ఆగింది. మిగతావాళ్ళు ఊడ్చడం ఆపలేదు గానీ నెమ్మదించారు.

వైనెల్ అద్దం ముందు చెప్పుకున్నదేదీ చెప్పలేదు. ఇది మా ఆయన అంది. ఆయన రాసింది ఇది అని అట్ట చూపించింది. వాష్టీ మెడలో వేలాడుతున్న కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. ఒకసారి చదివి, మళ్ళీ చదివింది.

"ఎప్పుడు రాశాడు?"

"జనవరిలో. పోవడానికి నెల ముందు."

"రిటైరయ్యాక ఎక్కడుండేవారు?"

వైనెల్ ఊరి పేరు చెప్పింది. నలభై మైళ్ళు. పన్నెండేళ్ళు అక్కడే ఉన్నారు. సముద్రానికి వెళ్ళాలంటే ఈ రోడ్డు మీదుగానే వెళ్ళేవాళ్ళు. వంతెన దాటగానే ఆయన మాట ఆపేసేవాడు, మళ్ళీ ఎనిమిది మైళ్ళు పోయాక ఏదో ఒకటి అనేవాడు. ఒక్కసారీ బండి ఆపలేదు. ఆపమని తనూ అనలేదు. ఇదంతా ఆమె పొడిపొడిగా చెప్పింది, ఏడవకుండా. ఏడిస్తే అవతలావిడ ఓదార్చాల్సి వస్తుందని ఆమెకి తెలుసు.

వాష్టీ కళ్ళద్దాలు తీసి పక్కకి చూసింది. గడ్డి యంత్రం పట్టుకున్నాయన ఆమె తమ్ముడు. తల అడ్డంగానూ ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు. దంతె కర్ర మీద గడ్డం ఆనించుకున్న ఒక ముసలమ్మ మాత్రం, పోనీలే వాష్టీ, అడిగింది గదా, బూడిదేగా, ఎంత చోటు పడుతుంది అని గొణిగింది. వాష్టీ ఆమె మాట పూర్తిగా విని, విన్నానన్నట్టు చేయెత్తింది. తరవాత పటాల పుస్తకం మూసి, దుమ్ము తుడిచి, వైనెల్ చేతికి తిరిగిచ్చింది.

కంచెకి ఇవతల, హోయ్ట్ తల్లి సమాధి పక్కన, హోయ్ట్ మనవడు అప్పటికే తవ్విపెట్టిన చిన్న గొయ్యి కనబడుతోంది. పక్కన ఎర్రమట్టి కుప్ప.

"అడిగారు. అడక్కుండా పెట్టలేదు. ఆ మర్యాదకి సంతోషం పాస్టరమ్మ గారూ," అంది వాష్టీ. "కానీ ఇక్కడున్న నలభై ఒక్కమందిలో ఒక్కరూ కావాలని ఇక్కడ పడుకోలేదు. లోపల చోటివ్వక పడుకున్నారు. మీ ఆయనకి లోపల చోటుంది. లోపలే పెట్టండి."